మంచు పొరను నమ్మకండి

"మంచుగడ్డ నీటిపై ఎందుకు తేలుతుంది?" అని తరగతిలో అడిగితే, "దాని సాంద్రత నీటి సాంద్రత కంటె తక్కువ గనుక" అని మీరంతా ఒక్క గొంతుతో చెబుతారు. జవాబు సరైనదే, మార్కులూ వస్తాయి. కాని ఆ పాఠం అక్కడితో ఆగిపోకూడదని నా అభిప్రాయం. ఎందుకో వినండి.

2022 డిసెంబరు 11న ఇంగ్లండులోని సోలిహల్ పట్టణంలో, పైన గడ్డకట్టిన సరస్సులో పడి నలుగురు బాలురు మరణించారు. పెద్దవాడికి 11 ఏళ్ళు, చిన్నవాడికి 6 ఏళ్ళు. అదే నెల 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గడ్డకట్టిన సరస్సుపై నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు మునిగిపోయారు. వారు మన దేశం నుంచి వెళ్ళి స్థిరపడినవారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. "మన చెరువులు గడ్డకట్టవు గదా, మనకెందుకు?" అనకండి. మీ అక్కలూ అన్నలూ ఎందరో చలిదేశాల్లో ఉన్నారు. రేపు మీరూ వెళ్ళవచ్చు.

నీటికి 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాంద్రత ఎక్కువ. చలికాలంలో సరస్సు నీరంతా ఆ ఉష్ణోగ్రతకు చేరాక, ఇంకా చల్లబడిన నీరు తేలికై పైనే ఉండిపోయి 0 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. అందువల్లే అడుగున చేపలు బతుకుతాయి. అంటే మీకు తెల్లని నేలలా కనబడేది నీటిమీద మూత మాత్రమే! ఆ మూత మందం అంతటా ఒకటే కాదు. నదుల్లో, కాలువల్లో కింద నీరు పారుతుంటుంది గనుక పొర పలచబడుతుంది. పైన కురిసిన మంచు దుప్పటిలా కప్పి, పొర మందం పెరగడాన్ని ఆలస్యం చేస్తుంది. గట్టు దగ్గర మోసిన పొర నడుమ మోస్తుందని ఎవరు చెప్పగలరు?

అంత చల్లని నీటిలో పడగానే మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు. తల మునిగి ఉంటే నీరే పీలుస్తాడు. కొద్ది నిమిషాల్లో కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతాయి. ఎంతటి ఈతగాడికైనా ఇంతే.

కనుక మంచుపై అడుగు పెట్టకండి. ఎవరైనా పడితే వెంట పరుగెత్తకండి. ఒక్కరిని మోయలేనిది ఇద్దరిని మోస్తుందా? గట్టుమీదే ఉండి పెద్దలను కేకవేయండి, ఫోను చేయించండి: మన దేశంలో 112, బ్రిటనులో 999, అమెరికాలో 911. తాడో, పొడవాటి కర్రో అందించండి.

పొరపాటున మీరే పడితే, వచ్చిన వైపుకే తిరగండి. అక్కడి మంచు అంతవరకూ మిమ్మల్ని మోసింది గదా! చేతులు మంచుపై చాచి, కాళ్ళు తన్నుతూ పైకి పాకండి. లేచి నిలబడకుండా దొర్లుతూ గట్టు చేరండి. పడుకుంటే బరువు ఎక్కువ వైశాల్యంపై పడి పీడనం తగ్గుతుంది. ఇదీ మీరు చదివిన పాఠమే!

ఈ సంగతులు పాఠంతోపాటే చెప్పాలి. మీ మాస్టారు మరచిపోతే మీరే అడగండి. చలిదేశంలో ఉన్న మీవాళ్ళతో ఈసారి మాట్లాడినప్పుడు, ఈ నాలుగు ముక్కలూ వారి చెవిన వేయండి.