శాలువా కప్పేముందు ఒక్క ప్రశ్న

చాలా టౌన్లలో రోటరీ క్లబ్బు వారానికోసారి కూడుతుంది. గంట కొడతారు, భోజనాలు పెడతారు, ఒక ఫ్యాక్టరీ ఓనరుని పిలిచి మాట్లాడిస్తారు. ప్రతిభ ఉంటే ఎవరైనా పైకొస్తారని ఆయన చెబుతాడు. చప్పట్లు, శాలువా.

1905లో చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో పెట్టిన క్లబ్బు ఇది. వృత్తినిబట్టి సభ్యుల్ని చేర్చుకున్నారు. లాయరూ, డాక్టరూ, మిల్లు ఓనరూ వృత్తులేనట. చెప్పులు కుట్టడం, నాట్లు వెయ్యడం వృత్తులు కావు కాబోలు! పోలియో చుక్కల విషయంలో వాళ్ల మేలు మాత్రం కాదనలేం. మన పిల్లల నోట్లోనూ ఆ చుక్కలు పడ్డాయి.

1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి, దివాలా అంచున ఉన్న గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. తర్వాత రోటరీ వాటిని తన నియమం చేసుకుంది. చేసే పని అందరికీ న్యాయమేనా అన్నది రెండోది. ఆ పెద్దమనిషిని అడగాల్సింది అదే. అయ్యా, మీ ఆఫీసు కుర్చీల్లో మా మాల మాదిగ పిల్లలు ఎందరు? మీ సెప్టిక్ ట్యాంకులోకి దిగేదెవరు? రాజ్యాంగం 16(4) సర్కారు కొలువులకే వర్తిస్తుంది, మీ గేటు దగ్గరే ఆగిపోతుంది. 1991 నుంచి సర్కారు ఆస్తులు ఒక్కొక్కటే మీ చేతికి వస్తున్నాయి. మరి మా వాటా ఏదీ?

అన్నలారా, అక్కలారా! పలకలు, కుట్టుమిషన్లు పంచడానికి వాళ్లు మన పేటకి వస్తే తీసుకోండి, తప్పులేదు. ఫొటో తీసేముందు ఈ ప్రశ్న అడగండి. ఏం జవాబు చెప్పారో మాకు రాయండి, అచ్చేస్తాం.