టవర్ భయానికి మందు వదంతి కాదు, కొలత

నంద్యాల కావచ్చు, ఆళ్లగడ్డ కావచ్చు, ఇళ్ల మధ్య సెల్ టవర్ వస్తోందంటే రెండే మాటలు వినబడతాయి. స్థలమిచ్చేవారిది అద్దె మాట, పక్కింటివారిది క్యాన్సర్ మాట. మందిరం ఆవరణలో చోటు అడిగినప్పుడు సంఘ పెద్దలదీ ఇదే ఇరకాటం. ‘ఎవరైనా కొలిచారా?’ అన్న మూడో మాట మాత్రం వినబడదు.

ముందు శాస్త్రం సంగతి. 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలో చేర్చింది. అదే ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వెలువడింది. 63 అధ్యయనాలను పరిశీలించి, పదేళ్లకు మించి ఫోన్ వాడినవారిలో సైతం మెదడు క్యాన్సర్ పెరిగిన దాఖలా లేదని అది తేల్చింది. భయపెట్టే వాట్సాప్ సందేశాన్ని సంఘం గ్రూపులో పెట్టేముందు విశ్వాసులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకో విషయం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. అంటే నల్లమల అంచున సిగ్నల్ అందని పల్లెలో, టవర్ లేకపోవడమే చెవి దగ్గరి ఫోన్ రేడియేషన్‌ను పెంచుతుంది.

అలాగని నియంత్రణ అక్కర్లేదని మేము అనడం లేదు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన ప్రభుత్వం టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. ఫోన్ నుంచి శరీరం గ్రహించే శక్తి కిలోకు 1.6 వాట్లు దాటకూడదంది. నిబంధన గట్టిదే. అమలు మాట వేరు. టవర్లు పరిమితిలోనే ఉన్నాయని కంపెనీలే ధ్రువీకరణ ఇచ్చుకుంటాయి. టెలికాం శాఖ ఏటా తనిఖీ చేసేది పది శాతం వరకే. 2017 మేలో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ వచ్చింది గానీ, మన వీధి టవర్‌ను కొలిపించుకోవడానికి 4,000 రూపాయల రుసుము పెట్టారు. కూలి డబ్బుతో బతికే కుటుంబం అంత ఎక్కడ తేగలదు?

తనిఖీ విలువ ఏమిటో ఫ్రాన్స్ చూపించింది. 2023 సెప్టెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ ఐఫోన్ 12ను స్వయంగా పరీక్షించింది. చేతికి, జేబుకు ఆనుకొని ఉన్నప్పటి పరిమితి 4 వాట్లు కాగా, 5.74 వచ్చింది. అమ్మకాలు ఆపించడంతో కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేయక తప్పలేదు.

మేము కోరేది ఇదే. బడి, ఆసుపత్రి, ప్రార్థనా మందిరాల దగ్గరి టవర్లను రుసుము లేకుండా, ప్రజల ఎదుట కొలవాలి. ఫలితాన్ని తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటించాలి. సంఘ పెద్దలు కూడా ఆ కాగితం చూడనిదే అద్దె ఒప్పందంపై సంతకం చేయకూడదు. విన్నదాన్నెల్లా పరీక్షించి చూడమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. ఆ మాట భయపడేవారికీ, భరోసా ఇచ్చేవారికీ సమానంగా వర్తిస్తుంది.