గోష్ఠిలో ప్రస్తుతమూ, అప్రస్తుతమూ

అభిరుచి కొద్దీ పదిమంది ఒకచోట చేరి మాట్లాడుకొనడాన్ని మన పెద్దలు గోష్ఠి అన్నారు. ఉర్దూలో దానికి బజ్మ్ అని పేరు. ఆ పదిమందికీ అక్కడ జీతం లేదు, మార్కులు లేవు, హాజరుపట్టీ లేదు. వారిని కూర్చోబెట్టేది ఇష్టం ఒక్కటే. ఇష్టం మీద నిలిచిన దానికి చట్టం అండ ఉండదు. ఒకనాడు ఒకరి మనస్సు నొచ్చుకొంటే మరుసటి వారం ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ పైవారం నాలుగు కుర్చీలు ఖాళీ అవుతాయి. అటుపిమ్మట గది తాళం తీసేవాడే ఉండడు.

మన కళాశాలలో శనివారాలు జరిగే ఉభయభాషా గోష్ఠికి ఈ సంవత్సరం పట్టిన గతి ఇంచుమించు ఇదే. చివరిసారి చర్చకు పెట్టిన విషయం దాశరథి ‘గాలిబ్ గీతాలు’. రెండు పాదాల ఉర్దూ షేర్‌లోని బిగువు తెలుగు గీతంలో నిలిచినదా, నిలువకపోతే ఎక్కడ జారినది అన్నది ప్రశ్న. ఇంతకంటె మంచి ప్రశ్న మన వంటి కళాశాలకు దొరకదని నేటికీ మా నమ్మకం. కాని పావుగంట గడవకముందే మాట గాలిబ్‌ను విడిచింది, దాశరథిని విడిచింది. ఒకరి ఉచ్చారణ మీదికి, మరొకరి ఇంటిభాష మీదికి, ఎవరి తెలుగు పుస్తకాల తెలుగు, ఎవరి ఉర్దూ దక్కనీ యాస అన్నంతవరకు పోయింది. నాలుగు పుటల వ్యాసం వ్రాసుకొని వచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థిని దానిని మడిచి పుస్తకంలో పెట్టుకొని వెళ్లిపోయింది. నాటినుండి గోష్ఠి జరగలేదు.

ఇప్పుడు కళాశాల సంఘం ముందు రెండు సూచనలు ఉన్నట్లు వింటున్నాము. గోష్ఠిని భాషలవారీగా రెండుగా చీల్చడం ఒకటి. ప్రశ్నలన్నీ ముందే అధ్యాపకులకు చూపి సంతకం పొందిన పిమ్మటనే అడగడం రెండవది. సంఘం వారి జాగ్రత్తను మేము తప్పుపట్టము. పిల్లల తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోవలసినవారు వారే. అయినను ఈ రెండు మందులూ రోగాన్ని కాక రోగినే వదిలించుకొనేవిగా మాకు తోస్తున్నవి.

ఈ వ్యాధి మన కళాశాలలో పుట్టినది కాదు. గాలిబ్ పేరు ఎత్తితిమి గనుక ఆయన కథే చెప్పుకొందాము. 1652 ప్రాంతంలో గోల్కొండ రాజ్యంలో, అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలో, ముహమ్మద్ హుసేన్ తబ్రేజీ అనే పండితుడు ‘బుర్హానె ఖాతె’ అనే పారసీక నిఘంటువు కూర్చి సుల్తానుకు అంకితమిచ్చాడు. తిరుగులేని ప్రమాణం అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. మన నేలమీద తయారైన ఆ గ్రంథం రెండు శతాబ్దాలపాటు హిందుస్తాన్‌లో పారసీకం చదివినవారికి చేతి పుస్తకమైంది. 1857 కల్లోలంలో దిల్లీలో ఇల్లు కదలలేని స్థితిలో ఉన్న మీర్జా గాలిబ్‌కు అందుబాటులో మిగిలిన కొద్ది పుస్తకాలలో అది ఒకటి. పొద్దుపోక తిరగవేస్తూ ఉంటే తప్పులు కనబడినవి. ఆయన వాటిని గుర్తించుకొంటూ పోయి, 1862లో ‘ఖాతె బుర్హాన్’ అనే పేరుతో అచ్చువేయించాడు. పేరును తలక్రిందులు చేయడంతోనే ప్రమాణం కాస్తా ఖండనకు గురి అయింది. ఇంతవరకు చమత్కారమే.

ఫలానా పారసీక పదం ఉన్నదా లేదా, ఉంటే దాని వర్ణక్రమం ఏది, అర్థం ఏది అన్నంతే వివాదాంశం. నిఘంటువులు తిరగవేసే అభిరుచి గలవారు తప్ప మరొకరు పట్టించుకొనే సంగతి కాదు. కాని గాలిబ్ కలం మెత్తనిది కాదు. రెండు వందల ఏళ్లనాడే గతించిన నిఘంటుకర్తను ఆయన ఎగతాళి చేశాడు, ‘దక్కనీ’ అని ఎత్తిపొడిచాడు. గోల్కొండలో కూర్చొని వ్రాసినవాడికి పారసీకం ఏమి తెలుసునన్నది దాని అంతరార్థం. గాలిబ్ మీద మాకుగల గౌరవం అపారం. అయినను ఇది తర్కం కాదని, ఊరు చూపి మనిషిని తగ్గించడమేనని చెప్పక తప్పదు. ఒక పదం తప్పో ఒప్పో తేల్చడానికి దానిని వ్రాసినవాడి ఊరు ఏనాడూ సాక్ష్యం కానేరదు.

విత్తినదే మొలిచింది. పుస్తకానికి ప్రతి పుస్తకం, దానికి మరొక ప్రత్యుత్తరం వెలువడినవి. ఒకరిద్దరు మాత్రం పదాలకే కట్టుబడి వ్రాశారు, తక్కినవారు తిట్లకు దిగారు. అమీనుద్దీన్ అనే ఆయన వ్రాసిన ఖండన ఎంతవరకు పోయినదంటే, గాలిబ్ 1867లో న్యాయస్థానంలో పరువునష్టం దావా వేయవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం అది రాజీతో ముగిసింది. పేరులేని ఉత్తరాలు ఇంటికి వచ్చేవి. వాటి నిండా బూతులే. ఆయన శిష్యుడు హాలీ 1897లో ప్రకటించిన ‘యాద్గారె గాలిబ్’లో ఒక ముచ్చట చెప్పాడు. ఒక ఉత్తరంలో తల్లిని ముట్టి తిట్టు ఉండగా గాలిబ్ నవ్వి, ఈ మూఢునికి తిట్టడం కూడా రాదు, ముసలివాణ్ణి కూతురి పేరిట, పడుచువాణ్ణి భార్య పేరిట, పసివాణ్ణి తల్లి పేరిట తిట్టాలి, డెబ్బై ఏళ్లవాణ్ణి తల్లి పేరిట తిట్టేవాడు ఎంతటి వెర్రివాడో అన్న భావం వచ్చేట్లు మాట్లాడాడట. ఈ ముచ్చటకు మనం నవ్వుతాము. కాని ఆ నవ్వు వెనుక చెవుడు, రోగం, అప్పులతో క్రుంగి, 1869లో కన్నుమూయనున్న ఒక వృద్ధుడు ఉన్నాడు. ఆ వివాదంలో ఏ పదానికి ఏ అర్థం తేలినదో నేడు నిపుణులకు తప్ప తెలియదు. తిట్ల కథ మాత్రం ఉర్దూ చదివిన ప్రతివారికీ తెలుసును.

తెలుగువారు ఈ విషయంలో తక్కువ తిన్నారని అనుకోనక్కరలేదు. తిరుపతి వెంకట కవులకూ కొప్పరపు సోదరులకూ నడిచిన వైరం, వారి వారి అభిమానులు దానిని పెంచిన తీరు మన తెలుగు శాఖ విద్యార్థులకు పాఠంలోనే వస్తుంది. దానిని ఇక్కడ విస్తరింపము.

మాకు ఆశ్చర్యం కలిగించేది వేరొకటి. మాట దారి తప్పడమనే ఈ జాడ్యానికి మన రెండు విద్యాసంప్రదాయాలూ ఇంచుమించు ఒకే నిదానం వ్రాసి పెట్టినవి. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించినవి. సత్యం తేల్చుకొనడానికి చేసేది వాదం. గెలుపే గురిగా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండ ఎదుటివాని మాటను పడగొట్టడానికే చేసేది వితండ. వితండవాదమని మన పల్లెటూళ్లలో కూడ వాడే మాట అక్కడిదే. ఓటమి స్థానాలు ఇరవైరెండింటిని ఎన్నినారు. వాటిలో ‘అర్థాంతరం’ ఒకటి. ప్రస్తుతాన్ని విడిచి మరొక విషయానికి పోవడమని దాని అర్థం. అనగా విషయం మార్చినవాడు అక్కడికక్కడే ఓడినట్లు లెక్క. వాదం ఎవరితో చేయాలో కూడ ఆ శాస్త్రం చెప్పింది. గురువుతో, శిష్యునితో, తోడి విద్యార్థితో, అసూయ లేనివారితో చేయాలి. తోడి విద్యార్థి ఆ పట్టికలో ఉండడం మన విద్యార్థులు గమనింపదగినది.

అరబ్బీ పాఠశాలలలో ‘మునాజరా’ ఒక ప్రత్యేక శాస్త్రం. పదునేడవ శతాబ్దిలో జౌన్‌పూర్‌కు చెందిన అబ్దుర్ రషీద్ వ్రాసిన ‘రషీదియా’ మన దేశపు మదరసాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథం. అందులోనూ విభాగం మూడే. సత్యం కొరకు జరిగేది మునాజరా. ప్రతిపక్షి నోరు మూయించడానికి జరిగేది ముజాదలా. ఆ రెండూ కాక కేవలం పంతానికి జరిగేది ముకాబరా. ప్రతిపాదించినవాడు తన నిరూపణ ముగించకముందే ప్రశ్నించేవాడు తానే నిరూపణకు పూనుకొంటే దానిని ‘గస్బ్’ అంటారు. నేటి తెలుగులో చెప్పాలంటే కబ్జా. చెప్పిన ఆధారం అసలు ప్రతిపాదనకు చేరుతున్నదా లేదా అని చూడడానికి వారు పెట్టుకొన్న మాట ‘తఖ్రీబ్’. మన ఉర్దూ శాఖవారు వేడుకకూ సభకూ నిత్యం వాడే తఖ్రీబ్ కూడ ఈ మాటే! దగ్గరకు చేర్చడమని దాని మూలార్థం. చెప్పిన మాట విషయానికి దగ్గరగా చేరకపోతే తఖ్రీబ్ పూర్తి కాలేదని ఒక్క ముక్కతో ఆపివేసేవారు. గొంతు పెంచవలసిన పని లేదు.

విషయాన్ని విడిచి ఒక్క అడుగు ప్రక్కకు వేయరాదంటే గోష్ఠి తరగతి గది అవుతుంది గదా అని విద్యార్థులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గజల్‌నే చూడుడు. అందులో ఒక షేర్‌కూ మరొక షేర్‌కూ భావసంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు. మొదటిది ప్రేమ, రెండవది వేదాంతం, మూడవది మధుశాల కావచ్చును. అయినను ఖాఫియా, రదీఫ్ ప్రతి షేర్‌నూ మరల తన గడపకు తెచ్చి నిలబెట్టుతవి. పోయిన మాట తిరిగి వచ్చినంతకాలం ప్రక్కదారి తప్పు కాదు.

ఇంకొక మెట్టు పైకెక్కి, అష్టావధానాన్ని నిర్మించినవారు అప్రస్తుతానికి ఏకంగా పీట వేసి కూర్చోబెట్టారు. ఎనమండుగురు పృచ్ఛకులలో ఒకరిది అప్రస్తుత ప్రసంగం. సమస్య ఇచ్చినవారు సమస్యకూ, దత్తపది ఇచ్చినవారు దత్తపదికీ కట్టుబడి ఉండగా, ఈయనకు మాత్రం సందు దొరికినప్పుడల్లా సంబంధం లేని ప్రశ్న వేసే హక్కు కలదు. అవధాని అప్పటికప్పుడు నవ్వించేటట్లు బదులు చెప్పి, విడిచిన పద్యపాదాన్ని విడిచినచోటనే అందుకోవాలి. ఆ ప్రశ్న కొంటెగా ఉండవచ్చును, గాయపరచరాదు. ఈ ఏర్పాటులోని తెలివి మాకు ఎన్నటికీ తనివి తీరనిది. అప్రస్తుతాన్ని నిషేధింపలేదు, ఎనిమిది పీటలలో ఒక్కదానికి పరిమితం చేశారు. మన గోష్ఠిలో జరిగినదేమనగా అందరూ ఆ ఒక్క పీట మీదికే ఎగబడినారు.

మర్యాద అనగా పొగడ్త కాదని కూడ చెప్పవలసి యున్నది. గొడవ జరిగిన నాటినుండి కొందరు విద్యార్థులు ఏది చదివినా ‘చాలా బాగుంది’ అని తప్పుకొనడం మేము గమనిస్తున్నాము. ఇదియును విషయాన్ని విడిచిపెట్టడమే. పాత ముషాయిరాలలో పిన్నలు ముందు, పెద్దలు చివర చదివేవారు. దీపం ఎవరి ముందుకు వస్తే వారిదే వంతు. నచ్చిన షేర్‌కు ‘ముకర్రర్’ అని మరల చదివించుకొనేవారు. నచ్చనిదానికి శ్రోతల మౌనమే తీర్పు. మెప్పుకు విలువ కలిగినది ఆ మౌనం వల్లనే. (నేటి పెద్ద పెద్ద ముషాయిరాలలోని ఈలల సంగతి వేరు, దాని జోలికి పోము.)

భాషలవారీగా చీల్చుదామన్న సూచనకు మా అభ్యంతరం ఇక్కడ చెప్పుతాము. పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగు కవిగా నిలిచాడు. మానుకోట ప్రాంతంలో పుట్టిన దాశరథి ఉర్దూను తన భాషగా చేసుకొని గాలిబ్‌ను తెలుగు చేశాడు. ఆ ఇద్దరి దారులూ కలిసే బల్ల మన కళాశాలలో ఆ శనివారపు బల్ల ఒక్కటే. దానిని రెండుగా కోస్తే ఉర్దూ శాఖవారికి తెలుగు పరీక్షలో ఒక పత్రంగా మిగులుతుంది. తెలుగు శాఖవారికి ఉర్దూ ప్రక్కగదిలో వినబడే శబ్దంగా మిగులుతుంది. సంతకాల సూచన సంగతికి వస్తే, ముందే ఆమోదం పొందిన ప్రశ్న అడిగే విద్యార్థికి వినవలసిన అవసరం ఉండదు. వచ్చిన ప్రశ్న అతని చేతిలోనే ఉన్నది గదా!

కనుక సంఘం వారికి మా విన్నపం ఇది. గోష్ఠిని ఉన్నదున్నట్లు తిరిగి తెరవండి. ఉర్దూ రచన చర్చకు వచ్చిననాడు తెలుగు శాఖ విద్యార్థి, తెలుగు రచన వచ్చిననాడు ఉర్దూ శాఖ విద్యార్థి సంచాలకత్వం వహింపవలెను. తనకు పూర్తిగా పట్టుబడని భాషను నడపవలసినవాడు సహజంగానే ఓర్పుతో వింటాడు. ప్రశ్నించదలచినవారు ముందుగా వక్త చెప్పినదేమో వక్త ఒప్పుకొనేట్లు రెండు మాటలలో చెప్పి, ఆ మీదట విభేదింపవచ్చును. ఈ ఒక్క నియమం పాటించినా సగం కలహాలు పుట్టకముందే పోవునని మా అనుభవం. ఛందస్సుకో, బహర్‌కో సంబంధించినది కానిచో ఉచ్చారణను సభలో దిద్దరాదు. చివరి పదిహేను నిమిషాలు అప్రస్తుత ప్రసంగానికి విడిచిపెట్టవచ్చు. ఆ పీట మీద కూర్చొనే విద్యార్థి వారం వారం మారవలెను. అధ్యాపకులము వెనుక వరుసలో కూర్చొందుము.

విషయం ఒక్క వాక్యంలో, రెండు లిపులలో, వారం ముందుగా నోటీసు బోర్డు మీద ఉండవలెను. వచ్చే నెల మొదటి శనివారానికి ఆ గది తాళంచెవి ఇప్పించవలసినదిగా సంఘం కార్యదర్శి గారిని కోరుచున్నాము.