14 గంటల లెక్క ఎవరు చెప్తారు?

ముందు ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతే మీరు చేసే మొదటి పని ఏంటి? నిజం చెప్పండి. మా ఇంట్లో మేం ఏం చేశామో నేను చెప్తాను.

మా మేనమావ కాఫీ పళ్లు కోయడానికి బయల్దేరబోతూ వాకిట్లోనే కూలబడ్డాడు. పొద్దున్న 7 గంటలు. చేతిలో ఉన్న చోడి అంబలి గిన్నె జారిపోయింది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. "గాలి తగిలింది, కాసేపు పడుకుంటే తగ్గుద్ది" అన్నారు పెద్దోళ్లు. దిసారిని పిలిచారు. ఒకాయన పావురం రక్తం రాయాలన్నాడు. పక్కూరి ఆర్ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి వెళ్లాడు. నేనూ అక్కడే ఉన్నాను. డిగ్రీ చదివినోణ్ణి. నాకూ తెలియలేదు. మధ్యాహ్నం 12 గంటలకి గానీ డోలీ కట్టలేదు.

కొండ దిగి తారు రోడ్డు ఎక్కడానికి 2 గంటలు. బండి కోసం 1 గంట. దగ్గర్లోని ఆసుపత్రికి ఇంకో గంట. అక్కడ స్కాన్ లేదు, కింద సిటీకి తీసుకెళ్లండన్నారు. కాగితం రాసి, బండి మాట్లాడి కదిలేసరికి 2 గంటలు. ఘాట్ దిగి సిటీ చేరేసరికి 3 గంటలు. రాత్రి 9 అయింది. అక్కడి డాక్టర్ అడిగిన మొదటి మాట: "ఎన్ని గంటలకి మొదలైంది?" పొద్దున్న 7కి అని చెప్పాం. ఆయన ఇంకేం అనలేదు, గోడ గడియారం వైపు చూశాడు.

ఆ చూపుకి అర్థం తర్వాత తెలుసుకున్నాను. మీకూ తెలియాలని ఇది రాస్తున్నా.

మన ఊళ్లలో కొండ మీది ఊట నుంచి పైపు వేసి నీళ్లు తెచ్చుకుంటాం కదా. ఆ పైపులో ఆకు అడ్డం పడితే కింద మడి ఎండిపోతుంది. కానీ మొత్తం ఒకేసారి ఎండదు. ముందు కొంత పోతుంది, దాని చుట్టూ ఉన్నది ఇంకా కొంచెం తడితో బతికుంటుంది. ఆకు తీసేస్తే అది నిలబడుతుంది. లేటైతే అదీ పోతుంది. మెదడులోనూ అంతే. పక్షవాతాల్లో ఎక్కువ భాగం రక్తం గడ్డ కట్టి మెదడుకి పోయే రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేవే. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం ఇంకా కాపాడుకోవచ్చు. ఆ రక్తాన్ని మళ్లీ పారించడమే అసలు వైద్యం.

దానికి మందు ఉంది. గడ్డని కరిగించే ఇంజెక్షన్. ఆల్టెప్లేజ్ అంటారు. 3 గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికాలో తేలింది. 2008లో యూరప్ పరిశోధన ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ అనే ఇంకో మందు కూడా ఉంది, అది ఒకే డోసుగా నరానికి ఎక్కించొచ్చు. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేస్తారు. 2015 నుంచి దీని ఫలితం మీద డాక్టర్లకి అనుమానం లేదు. 6 గంటల్లోపు చేస్తే మంచిది. స్కాన్‌లో ఇంకా బతికున్న భాగం కనిపిస్తే కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. అందుకే "లేటైపోయింది కదా, ఇంకెందుకు" అని ఇంట్లో ఉంచెయ్యకండి.

అయితే కొందరికి గడ్డ కాదు, మెదడులో నరం చిట్లి రక్తం కారుతుంది. వాళ్లకి ఈ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణమే పోవచ్చు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది స్కాన్ ఒక్కటే. దిసారి చెప్పలేడు, ఆర్ఎంపీ చెప్పలేడు, స్కాన్ లేకుండా పెద్ద డాక్టరూ చెప్పలేడు. స్కాన్ కాకుండా ఇంట్లో ఆస్ప్రిన్ మింగించడం, బీపీ మాత్రలు ఎక్కువ వేసేయడం ప్రమాదం. నోట్లో నీళ్లు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇప్పుడు మా మావ లెక్క చూడండి. మేం పోగొట్టింది 5 గంటలు. దారి, బండి, రిఫరల్ కాగితం తినేసింది 9 గంటలు. మా 5 గంటలు చాలు ఆ ఇంజెక్షన్ గడువు దాటడానికి. ఆ 9 గంటలూ చాలు. మేం 7 గంటలకే డోలీ ఎత్తి ఉన్నా సాయంత్రం 4కి గానీ స్కాన్ దగ్గరికి చేరేవాళ్లం కాదు. మమ్మల్ని తిట్టేవాళ్లు మొదటి లెక్కే చెప్తారు: "ఆదివాసీలకి అవగాహన లేదు" అని. మనలో కొందరం రెండోదే చెప్తాం: "అంతా ప్రభుత్వం తప్పే" అని. నేను రెండు లెక్కలూ చెప్తున్నా, ఎందుకంటే మావ కుడి చేత్తో ఇప్పుడు కొడవలి పట్టలేడు. ఆయన్ని నేను ఒక్క లెక్కతో మోసం చెయ్యలేను.

మన లెక్క మనం సరిచేసుకుందాం. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం. ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా టైం చూసి రాసుకోండి, 108కి ఫోన్ చెయ్యండి, డోలీ ఎత్తండి. నిద్రలో వచ్చుంటే, ఆ మనిషి చివరిసారి బాగున్నది ఎప్పుడో గుర్తుపెట్టుకోండి. దిసారిని అవమానించొద్దు. ఆయనకీ ఈ మూడు గుర్తులూ చెప్పండి. ఊళ్లో అందరికన్నా ముందు పిలిచేది ఆయన్నే కదా, "డోలీ కట్టండి" అని ఆయన నోట వస్తే ఎవరూ కాదనరు. బీపీ ఉన్నోళ్లు మాత్రలు మానొద్దు. పక్షవాతానికి పెద్ద కారణం బీపీయే.

ఇక రెండో లెక్క. "కొండల్లో ఇదంతా కుదరదు" అంటారు. హిమాచల్ ప్రదేశ్ మనకన్నా పెద్ద కొండలున్న రాష్ట్రం. అక్కడ 2014లోనే న్యూరాలజిస్టు లేని జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకి శిక్షణ ఇచ్చారు. స్కాన్ బొమ్మని ఫోన్‌లో పెద్దాసుపత్రి న్యూరాలజిస్టుకి పంపి, ఆయన సలహాతో అక్కడే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. మందు ఖర్చు ప్రభుత్వానిదే. అస్సాంలో ఐసీఎంఆర్ ఏకంగా సీటీ స్కాన్ మెషీన్‌నే బండిలో పెట్టి రోగి దగ్గరికి పంపింది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదో చెప్పాల్సింది వాళ్లు.

ఇది దయ అడగడం కాదు. రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో, 1996లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అత్యవసర వైద్యం సమయానికి అందించకపోతే అది ఆర్టికల్ 21 ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమే అని. ఆ కేసు వేసింది వ్యవసాయ కూలీల సంఘం. మనలాంటోళ్లే.

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఐటీడీఏ పరిధిలోని పెద్దాసుపత్రికి ఆర్టీఐ కింద నాలుగు ప్రశ్నలు రాయండి. సీటీ స్కాన్ ఉందా? రాత్రి పూట కూడా తీస్తారా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎన్ని డోసులు స్టాకులో ఉన్నాయి? గత ఏడాది ఎంతమందికి ఇచ్చారు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబుని గ్రామసభలో గట్టిగా చదవండి, ఇక్కడా పెట్టండి. "సున్నా" అని వస్తే ఆ సున్నాతోనే మన పోరాటం మొదలవుద్ది.

మా మావ ఇప్పటికీ నన్ను పూర్తి పేరుతో పిలవలేడు. సగం పేరు పలికి ఆగిపోతాడు. మిగతా సగం ఆ 14 గంటల్లో పోయింది. మీ ఇంట్లో ఎవరి మాటా అలా సగంలో ఆగిపోకూడదు.

జై ఆదివాసీ.