తాబేటి పిల్లలూ, పసిపిల్లలూ

కోస్తాలోని ఒక చిన్న పట్నం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు కనుక వేయడం లేదు.

"డాక్టరుగారికి నమస్కారములు. మా పెద్దబ్బాయికి పదకొండేళ్ళు. మార్చి నెలలో సముద్రం ఒడ్డున కుక్కలు ఇసక తవ్వి తాబేలు గుడ్లు తినేస్తుంటే చూడలేక, మిగిలిన పన్నెండు గుడ్లు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. బకెట్లో ఇసక పోసి, గుడ్లు పాతిపెట్టి మేడమీద ఉంచాడు. ఎనిమిది కుళ్ళిపోయాయి. నాలుగు పిల్లలయ్యాయి. వాటిని ప్లాస్టిక్ బేసినులో నీళ్ళుపోసి వంటింట్లో సింకు పక్కన ఉంచాము. పాలు పోసినా, అన్నం మెతుకులు వేసినా ముట్టడం లేదు. కూర్మావతారమే మన ఇంటికి వచ్చింది, పంపించవద్దని మా అత్తగారు అంటున్నారు. వీటికి ఏమి పెట్టాలి? ఎన్నాళ్ళు పెంచి వదలాలి? ఇంకొక చిన్న విషయం. మా పాపకు ఏడో నెల. రెండు రోజులనుంచి కొంచెం జ్వరం, విరేచనాలు. పళ్ళు వస్తున్నాయి కాబోలు."

రోగి అసలు సంగతి ఎప్పుడు చెబుతాడో మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు. మందుల చీటీ తీసుకుని, లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ "అన్నట్టు డాక్టరుగారూ..." అంటాడు. ఈ ఉత్తరంలోనూ అసలు సంగతి ఆ చివరి నాలుగు ముక్కల్లోనే ఉంది. కింద ఫోను నంబరు ఉండబట్టి సరిపోయింది. పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఫోను చేసి, పాపను వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను.

అంత తొందర ఎందుకు పడ్డానో చెప్పాలంటే నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

అడగని ప్రశ్న

సుమారు పాతికేళ్ళ కిందట, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, పది నెలల బాబుకు జ్వరం, విరేచనాలు అని ఒక ఇంటివారు తీసుకువచ్చారు. పాలసీసా సంగతి అడిగాను. నీళ్ళ సంగతి అడిగాను. ఇరుగుపొరుగున ఎవరికైనా ఉన్నాయా అని అడిగాను. మందు ఇచ్చి పంపాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. రెండోసారి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి చూశాను. అరుగుమీద కూర్చుని వాళ్ళిచ్చిన కాఫీ తాగాను. డిప్పమీద పసుపుపచ్చ చుక్కల గీతలున్న నక్షత్ర తాబేలు ఒకటి నా చెప్పుల పక్కనుంచే నడిచి వెళ్ళింది. "ముద్దుగా ఉందే" అన్నాను. అంతే. అడగవలసిన ప్రశ్న నాకు తట్టలేదు.

మూడోసారి వచ్చేసరికి బాబుకు మెడ బిగిసింది. జిల్లా ఆసుపత్రికి పంపితే మెదడుపొరల వాపు అన్నారు. రక్తపరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి పెరిగింది. బాబు బతికాడు. కాని ఒక చెవి వినికిడి పోయింది. ఆ క్రిమి తాబేలునుంచే వచ్చిందని నేను రుజువు చేయలేను. దాన్ని పరీక్షించినవారెవరూ లేరు. బాబు పాకే నేలమీదే అదీ పాకేదని మాత్రం తరువాత తెలిసింది. ఆనాటినుంచి, పసిబిడ్డకు విరేచనాలంటే "ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?" అని అడగకుండా చీటీ రాయడం లేదు.

ఈ క్రిమి సంగతి

సాల్మొనెల్లా అన్న పేరు సామన్ చేపనుంచి వచ్చింది కాదు. శామన్ అనే అమెరికా పశువైద్యుని ఇంటిపేరు అది. 1885లో ఆయన దగ్గర పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ పరిశోధనలో ఇది బయటపడింది. ఈ కుటుంబం చాలా పెద్దది. టైఫాయిడ్ క్రిమి కూడా ఇందులోదే. అయితే టైఫాయిడ్ క్రిమి మనిషిలోనే ఉంటుంది. తాబేలునుంచి టైఫాయిడ్ రాదు. తాబేలు పేగుల్లో ఉండేవి దాని అన్నదమ్ములు.

చెరువు తాబేళ్ళలో, మెట్ట తాబేళ్ళలో, బల్లి, పాము జాతుల్లో ఈ క్రిములు సర్వసాధారణం. సముద్రపు తాబేళ్ళలో తక్కువైనా లేకపోలేదు. పైగా కుళ్ళిన గుడ్లున్న బకెట్లో పుట్టి, నిలవనీటి బేసినులో ఉన్నవి శుభ్రంగా ఉన్నాయని ఎలా అనుకోగలం?

ఇందులో చిక్కేమిటంటే, ఈ క్రిమి తాబేలుకు ఏ జబ్బూ చేయదు. హుషారుగా తిరుగుతున్న తాబేలు రెట్టలో కూడా ఉంటుంది. అదైనా రోజూ పడదు. ఒకరోజు పడుతుంది, పదిరోజులు పడదు. కనుక ఒకసారి పరీక్ష చేయించి "లేదు" అనిపించుకున్నా నమ్మడానికి వీలులేదు. మందులు వాడి పూర్తిగా పోగొట్టడమూ సాధ్యం కాదు. రెట్ట నీళ్ళలో కలుస్తుంది, నీళ్ళు డిప్పకు అంటుతాయి, డిప్ప చేతికి, చేయి నోటికి.

అమెరికాలో ఒకప్పుడు అర్ధరూపాయి బిళ్ళంత తాబేటి పిల్లల్ని పిల్లలకు ఆటబొమ్మల్లా అమ్మేవారు. విరేచనాలతో పిల్లలు లెక్కకు మించి ఆసుపత్రులకు రావడం చూసి, 1975లో డిప్ప పొడవు 4 అంగుళాలకు తక్కువున్న తాబేళ్ళ అమ్మకాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. 4 అంగుళాలే ఎందుకంటే, అంతకన్న పెద్దది పసివాడి నోట్లో పట్టదు! ఆ ఒక్క నిషేధంవల్ల ఏటా లక్షమంది పిల్లలకు ఈ జబ్బు తప్పిందని అక్కడివారి అంచనా. అయినా దొంగచాటు అమ్మకాలు ఆగలేదు. 2007లో ఫ్లోరిడాలో నెల కూడా నిండని పసిపాప ఈ క్రిమివల్ల చనిపోయింది. ఇంట్లో పెంచుతున్న చిన్న తాబేలులోనూ అదే క్రిమి ఉంది. నెల నిండని బిడ్డ తాబేలును పట్టుకోలేదు కదా! పట్టుకున్న చేతులు బిడ్డనూ పట్టుకుని ఉంటాయి. తల్లులు గుర్తుంచుకోవలసింది ఇదే.

పాపకు ఏమి చేయాలి?

ముందుగా ఒక అపోహ. పళ్ళు రావడంవల్ల జ్వరమూ విరేచనాలూ రావు. ఆ వయసులో బిడ్డ కనిపించినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. అందువల్ల వస్తాయి. "పళ్ళ విరేచనాలు" అని ఊరుకుని చేతులు కాల్చుకున్నవారు ఎందరో.

క్రిమి కడుపులో పడ్డాక 6 గంటలనుంచి 6 రోజుల్లోగా జబ్బు బయటపడుతుంది. జ్వరం, కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు, ఒక్కొక్కప్పుడు జిగట, నెత్తురు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 4 నుంచి 7 రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు, 65 దాటిన వృద్ధులకు, గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి, కాన్సరుకు మందులు వాడుతున్నవారికి మాత్రం ప్రమాదం. క్రిమి పేగు దాటి రక్తంలోకి, పసిపిల్లల్లో మెదడుపొరల్లోకి పోవచ్చు.

తల్లిపాలు ఆపవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీళ్ళకు తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. జింకు మందు ఆరునెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నబిడ్డకు 10 మిల్లీగ్రాములు, పద్నాలుగు రోజులు ఇవ్వాలి. విరేచనాలు కట్టే బిళ్ళలు పిల్లలకు వేయకండి. మందుల షాపువాడినడిగి యాంటీబయాటిక్ కొనకండి. మామూలు విరేచనాలకు అది మేలు చేయదు. అవసరమైన బిడ్డకు ఏది ఎంత ఇవ్వాలో డాక్టరు నిర్ణయించాలి.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే గంటకూడా ఆగవద్దు. ఏ వయసు బిడ్డకైనా మలంలో నెత్తురు, కళ్ళు గుంటపడటం, ఆరుగంటలుగా మూత్రం లేకపోవడం, పాలు తాగకపోవడం, మగత, మాడు ఉబ్బడం, ఫిట్లు - వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రే. డాక్టరు అడగకపోయినా సరే, "మా ఇంట్లో తాబేలు ఉంది" అని మీరే చెప్పండి.

తాబేటి పిల్లల సంగతి

ఇక ఆ సోదరి అడిగిన ప్రశ్నలు. ఏమి పెట్టాలి? ఏమీ పెట్టకూడదు. మన తీరంలో ఎక్కువగా గుడ్లు పెట్టేది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. పాలు తాగే జంతువు కాదు. గుడ్డులోని పచ్చసొన కొంత పిల్ల కడుపులో మిగిలి ఉంటుంది. తొలిరోజులు దానితో గడుపుకుంటూ, తెరిపిలేకుండా ఈదుతూ లోతు సముద్రంలోకి పోవడం దాని స్వభావం. బేసినులో ఉంచితే ఆ శక్తి అంతా ప్లాస్టిక్ గోడకు కొట్టుకోవడంలోనే అయిపోతుంది. మంచినీళ్ళు దానికి సరిపడవు. ఎన్నాళ్ళు పెంచాలి? ఒక్కరోజు కూడా వద్దు.

ఎనిమిది గుడ్లు ఎందుకు కుళ్ళాయో కూడా ఆ అబ్బాయికి తెలియాలి. కోడిగుడ్డును పెట్ట తిప్పుతూ పొదుగుతుంది. తాబేలు గుడ్డు అలా కాదు. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం చనిపోవచ్చు. సంచిలో వేసుకుని నడిస్తే జరిగేది అదే. ఇంకొక వింత. పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసక వేడి. చల్లని ఇసకలో మగపిల్లలు, వేడి ఇసకలో ఆడపిల్లలు. మేడమీద ఎండలో మాడే బకెట్టుకు ఈ లెక్కలేవీ తెలియవు. సముద్రం ఒడ్డున 45 నుంచి 60 రోజులు ఆ పని ఇసకే చేస్తుంది.

మరి కుక్కలు తింటుంటే చూస్తూ ఊరుకోవాలా? అక్కరలేదు. కుక్కల్ని తరిమి, గుంటను ఇసకతో కప్పి, గుర్తుపెట్టి, అటవీశాఖవారికి కబురుచేయాలి. విశాఖ తీరంలోనూ, మరికొన్ని చోట్లా గుడ్లను పద్ధతిగా తరలించి, కంచెవేసిన చోట పాతిపెట్టి, పుట్టిన పిల్లల్ని సముద్రంలోకి వదిలే ఏర్పాట్లు ఉన్నాయి. 1972నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం సముద్రపు తాబేళ్ళనూ, నక్షత్ర తాబేళ్ళనూ పట్టడమే కాదు, గుడ్లు తీయడమూ నేరమే. జాలితో తెచ్చానంటే చట్టం ఒప్పుకోదు. కనుక తెలియక తెచ్చినవారు దాచకుండా వెంటనే అప్పగించడం మంచిది.

దుకాణాల్లో అమ్మే, చెవిదగ్గర ఎర్రచార ఉండే చిన్న తాబేళ్ళు అమెరికావి. కొన్నప్పుడు అరచేతిలో ఇముడుతాయి. పెరిగితే పళ్ళెమంత అయి ఇరవై ముప్ఫయి ఏళ్ళు బతుకుతాయి. విసుగుపుట్టి చెరువులో వదిలితే మన తాబేళ్ళ తిండికీ చోటుకూ పోటీ వస్తాయి. అసలు కొనకపోవడమే మేలు. ఇప్పటికే ఉంటే, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఉంచవద్దు. మిగతావారు వంటింటికి దూరంగా పెట్టండి. ఆ నీళ్ళు సింకులో కాక మరుగుదొడ్డిలో పారబోయండి. తొట్టి కడిగే బ్రష్షు అంట్లకు వాడకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. ముద్దుపెట్టుకోవడం అసలే వద్దు. బావిలో తాబేలుంటే నీళ్ళు శుభ్రమని పెద్దలనేవారు. అది పురుగుల్ని తినవచ్చునుగాని క్రిముల్ని తినదు. ఆ నీళ్ళు కాచకుండా తాగకండి.

అత్తగారికి ఒక మాట

అమ్మా, మీ భక్తిని నేను కాదనను. చేప చూపుతోనూ, పక్షి స్పర్శతోనూ, తాబేలు తలపుతోనూ పిల్లల్ని పెంచుతాయని మన పెద్దలు చెబుతారు. తల్లి గుడ్లుపెట్టి సముద్రంలోకి పోతుంది. దూరంనుంచి తలుచుకుంటూ ఉంటే చాలు, పిల్లలు పెరుగుతాయట. శాస్త్రం ఈ మాట ఒప్పుకోకపోయినా ఇందులో మనకు పనికివచ్చే నీతి ఒకటి ఉంది. తాబేలును తాకకుండా ప్రేమించవచ్చు. కూర్మనాథుణ్ణి చూడాలనిపిస్తే శ్రీకూర్మం వెళ్ళి దర్శనం చేసుకోండి. వంటింటి సింకు పక్కన వద్దు.

ఆ పాప ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. మలపరీక్షలో సాల్మొనెల్లాయే ఉంది. తాబేటి పిల్లల్ని అటవీశాఖవారు వచ్చి తీసుకువెళ్ళారు. పెద్దబ్బాయి మాత్రం "నావల్లే చెల్లికి జబ్బుచేసిందా?" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. వాడిని కోప్పడవద్దని తల్లికి చెప్పాను. కుక్కలు తింటుంటే చూడలేకపోవడం తప్పు కాదు. ఆ తరువాత ఏమి చేయాలో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది. వచ్చే జనవరిలో వాడు బీచికి వెళ్ళేటప్పుడు చేతిలో సంచి వద్దు, అటవీశాఖవారి ఫోను నంబరు రాసిన కాగితం చాలు.