ఇంటిపట్టున కారు సీటు తొడుగు

అత్తిబెలె నుంచి హోసూరుకో బెంగుళూరుకో నిత్యం తిరిగే కారులో ముందుగా చివికేది డ్రైవరు సీటు తొడుగే. ఇంట్లోనే మార్చుకోవచ్చును, కాని దిండుకు గలీబు తొడిగినంత సులువని మాత్రం మేము చెప్పము.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందుసీట్లకు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయినవి. అందుచేత సీటు కింద తీగెలుంటాయి. కొన్ని కార్లలో సీటు పక్కభాగంలోనే ఎయిర్‌బ్యాగు దాగి వుంటుంది. అటువంటి సీటును పనివారికి అప్పగించడమే మేలని మా సలహా. దానికని కుట్టిన తొడుగే వేయించాలి.

మిగతావారు తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివు తీగె విప్పి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి. పిదప సీటు తీగెలు వూడదీసి, బోల్టులు విప్పి, ఇద్దరు పట్టి దించండి. తిరిగి అన్నీ కలిపేదాకా తాళం తిప్పవద్దు. పాత తొడుగును పట్టిన ఇనుప రింగుల చోట్లు గుర్తుపెట్టుకుని కత్తిరించండి. కొత్తది కాసేపు ఎండలో వుంచితే చక్కగా సాగుతుంది. నడుమ నుంచి అంచులకు బిగించండి.

చాలా కార్లలో బెల్టు కొక్కెం సీటుకే వుంటుంది. ప్రమాదవేళ మనిషిని నిలిపేది ఆ బోల్టులే. వాటిని చేతి అంచనాకు వదలక, పుస్తకంలోని కొలత ప్రకారం టార్క్ రెంచితో బిగించండి. కూలి మిగుల్చుకోండి, కాదనము. బోల్టు బిగువులో మాత్రం పొదుపు కూడదు.