కూలి స్త్రీ వార్ధక్యము

కలకడ, మదనపల్లె ప్రాంతముల టమోటా రైతులను, మండీ యజమానులను మేమొక ప్రశ్న అడుగుచున్నాము. తెల్లవారకమునుపే క్రేట్లయొద్ద కూర్చుండి కాయల నేరి వేరుచేయు స్త్రీకి అరువదియేండ్లు నిండిన పిమ్మట అన్నము పెట్టువారెవరు? కుమారుడని కొందరందురు. కుమారుడు బెంగుళూరు చేరి తన అద్దెకే తడవుకొనుచున్నాడు.

ఆంగ్లేయుల పాలనమున పింఛను సర్కారు కొలువును వెన్నంటి వచ్చెడిది. ఆ కొలువులు ప్రాయికముగా పురుషులవి. 1952 నాటి భవిష్యనిధి చట్టము మొదట ఆరు పరిశ్రమలకు, అందును ఏబదిమందికి తక్కువగాని కర్మాగారములకు మాత్రమే వర్తించెను. 1960లో ఆ సంఖ్య ఇరువదికి దిగెను. 1971 నాటి కుటుంబ పింఛను, కొలువులో మరణించినవాని భార్యకు కొంత ఆధారము కల్పించెను. అనగా స్త్రీకి పింఛను వితంతువుగా లభించెను గాని శ్రామికురాలిగా లభించుట అరుదు. 1995 పథకమున పదియేండ్ల సేవ లేనిదే నెలసరి పింఛను లేదు. పెండ్లికి, కాన్పునకు, అత్తమామల శుశ్రూషకు పని మానుచుండు స్త్రీకి ఆ పదియేండ్లు కూడుట యెట్లు? వివాహార్థము పని మానిన యువతి తక్కినవారివలె రెండునెలలు వేచియుండకయే భవిష్యనిధి సొమ్ము తీసికొనవచ్చునని నిబంధనలలో ఒక మినహాయింపు గూడ చేర్చిరి. దయతోనే చేర్చిరి, సందేహము లేదు. కాని ముసలితనమునకు దాచిన సొమ్ము పెండ్లిపందిటిలోనే కరిగిపోయెను.

ఇది కర్మాగారపు స్త్రీల కథ. మండీలో దినకూలి గొను స్త్రీకి చాలచోట్ల హాజరుపట్టీయే లేదు. 2019లో కేంద్రము ప్రారంభించిన శ్రమయోగి మాన్‌ధన్ పథకమున నెలకు 55 మొదలు 200 రూపాయల వరకు కట్టినచో కేంద్రము అంతయే కలిపి, అరువదియేండ్ల పిమ్మట 3,000 రూపాయలిచ్చునని నియమము. చేరుటకు నలుబదియేండ్లు దాటరాదు. బిడ్డలు పెద్దవారైన తరువాతనేకదా అనేక స్త్రీలు నిలుకడగా కూలికి వచ్చుట!

రాష్ట్రము 2024 నుండి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలిచ్చుచున్నదిగదా యని ఆక్షేపింపవచ్చును. మేము దానిని హర్షింతుము. చందాలు కట్టిన శ్రామికునికి 2014లో నిర్ణయించిన కనీస పింఛను 1,000 రూపాయలే యగుట విచిత్రము. అయినను సర్కారు ఇచ్చునది దయ. చేసిన పనికి రావలసినది హక్కు.

నలుబదియేండ్లలోపు స్త్రీల చందాను మండీలవారు తమ కమీషనునుండి చెల్లింపవలెను. నలుబది దాటినవారికి వయోనియమమును కేంద్రము సడలింపవలెను. మాకు మిత్రులైన మండీ యజమానులు కినుక వహింతురేని వహింతురు గాక. వచ్చు కోతకు మునుపే హాజరుపుస్తకము తెరచి, ఒక్కొక్క స్త్రీ పేరును వయస్సును వ్రాయింపుడు.